భారజలమునకై బయలుదేరిన గ్లైడరులు

నీటికొరకు తగవులాడుకొనుట మన పల్లెలలో క్రొత్త కాదు. చెరువు తూములవద్ద తలలు పగులుటయు కలదు. కాని 1942-43లో నార్వేలో 41 మందిని బలిగొన్న నీరు త్రాగుటకు గాని, పైరులకు పెట్టుటకు గాని ఉద్దేశించినది కాదు. దాని పేరు భారజలము.

ఉదజని పరమాణువులలో దాదాపు ఆరేడు వేలకొకటి తక్కినవానికంటె రెట్టింపు బరువుగా నుండును. దాని కేంద్రకములో ప్రోటానుతోపాటు ఒక న్యూట్రాను కూడ నుండుటయే ఇందులకు కారణము. దీనిని 1931లో కనుగొన్న అమెరికా శాస్త్రజ్ఞుడు యూరీకి 1934లో నోబెల్ బహుమానము లభించెను. ఈ ఉదజనితో ఏర్పడిన నీరు చూపునకు మామూలు నీటివలెనే యుండును గాని, నూటికి పదకొండు పాళ్లు అధికముగా తూగును. రియాక్టరులోని న్యూట్రానులను అంతగా మ్రింగివేయక, వాని వేగమును మాత్రము తగ్గించుట దీని ప్రత్యేకత. గోదావరి తీరమున మణుగూరులో దీనిని తయారుచేయు కర్మాగారము కలదు. భారజల రియాక్టరులకు కావలసిన ఇంధనము హైదరాబాదులోనే, తార్నాకకు ఈశాన్యమున మౌలాలి ప్రాంతమందలి న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్సులో తయారగుచున్నది.

రెండవ ప్రపంచయుద్ధము మొదలగునాటికి భారజలమును పెద్దయెత్తున తీయుచోటు నార్వేలోని వెమోర్క్ కర్మాగారము. అచ్చట జలపాతపు విద్యుత్తుతో నీటిని విడగొట్టి, ఎరువుల తయారీకి ఉదజనిని సంపాదించుచుండిరి. అట్లు విడగొట్టునపుడు తేలిక ఉదజని ముందుగా వెడలిపోవును. బరువైనది తొట్టెలలో వెనుకబడును. 1940లో జర్మనులు నార్వేను ఆక్రమించుటతో ఆ తొట్టెలు వారి వశమయ్యెను. హిట్లరు చేతికి అణుబాంబు చిక్కునేమోయను భయముతో బ్రిటిషువారు వానిని ధ్వంసము చేయ నిశ్చయించిరి.

పారాషూటులతో దిగినవారు చెల్లాచెదరగుదురు. గ్లైడరు అట్లుగాక మనుష్యులను, ప్రేలుడు సామగ్రిని ఒక్కచోటనే దింపును, చప్పుడును తక్కువ. అందుచే హోర్సా అను కొయ్య గ్లైడరులను రెంటిని ఎన్నుకొనిరి. ఒక్కొక్కదానిలో పదునైదుగురు సైనిక ఇంజనీర్లు, ఇద్దరు చోదకులు. అక్టోబరు 18వ తేదీననే నలుగురు నార్వే యువకులు పారాషూటులతో పీఠభూమిపై దిగి, దారి చూపు రేడియో సాధనముతో కాచుకొనియుండిరి.

1942 నవంబరు 19వ తేదీ సాయంకాలము స్కాట్లాండు ఉత్తరపు కొసనున్న స్కిటెన్ నుండి రెండు హాలిఫాక్సు విమానములు చెరియొక గ్లైడరును త్రాటితో లాగుచు బయలుదేరెను. దూరము సుమారు 640 కిలోమీటర్లు. మొదటి విమానములో రేడియో సంకేతములనందుకొను యంత్రము చెడిపోయెను. ఇక మిగిలినది పటము, వెన్నెల. అందును వెన్నెలను మేఘములు కప్పివేసెను.

సముద్రముమీది తేమగాలి కొండలకు తగిలి పైకెక్కుకొలది చల్లబడి మేఘమగును. అందలి సన్నని నీటిబొట్టులు సున్న డిగ్రీలకు దిగువన కూడ గడ్డకట్టక ద్రవముగనే యుండగలవు. కాని ఏదేని వస్తువు తగిలినంతనే, ఆ వస్తువుపై మంచుగా పేరుకొనును. రెక్కపై పేరుకొన్న మంచు దాని ఆకారమును చెరచి, గాలి యిచ్చు ఊతను తగ్గించును. త్రాడు బరువెక్కి బిరుసై, కుదుపులకు తాళజాలదు. నిండుబరువుతో హోర్సా సుమారు 7 టన్నులు. అంత బరువునకు ఆధారము ఆ త్రాడొక్కటే. అది తెగినచో గ్లైడరు క్రిందికి జారుచుండవలసినదే. అట్లు జారుటవలననే దానికి వేగము, ఆ వేగమువలననే రెక్కలకు ఊత. పగటివేళ మైదానముపైనైన చోదకుడు చదునైన నేలను వెదకుకొనగలడు. అర్ధరాత్రి మేఘములో, కొండలమీద, వెదకుటకేమున్నది?

మొదటి గ్లైడరు త్రాడు మంచుపట్టి తెగెను. లీసె ఫియోర్డు సమీపమున అది కూలగా ఎనమండుగురు మరణించిరి. ఆ హాలిఫాక్సు మాత్రము తిరిగి స్కాట్లాండు చేరెను. రెండవ జంట హెల్లెలాండు కొండలలో నాశమయ్యెను: గ్లైడరులో ముగ్గురు, కొండను ఢీకొనిన విమానములో ఏడుగురు చనిపోయిరి.

బ్రతికి బయటపడిన ఇరువదిమువ్వురును సైనిక దుస్తులలోనే యుండిరి. యుద్ధనీతి ప్రకారము వారు ఖైదీలు. కాని పట్టుబడిన కమాండోలను చంపివేయవలెనని హిట్లరు అక్టోబరు 18వ తేదీననే, అనగా ఆ నలుగురు నార్వేలో దిగిన దినముననే, రహస్యాజ్ఞ యిచ్చియుండెను. రెండవ గ్లైడరులోని పదునలుగురిని పట్టుబడిన దినముననే కాల్చివేసిరి. మొదటిదానిలో గాయపడిన నలుగురిని స్టావంగరులో చంపిరి. గాయపడని ఐదుగురిని 1943 జనవరి 18న ఓస్లో సమీపమున కాల్చిరి.

గ్లైడరు శిథిలములలో దొరికిన పటమువలన జర్మనులకు లక్ష్యము తెలిసిపోయి, వెమోర్క్ కాపలా బలపడెను. అయినను 1943 ఫిబ్రవరి 27 రాత్రి తొమ్మిదిమంది నార్వేవారు మంచు పేరిన లోయను దిగి, ఆవలి గట్టునెక్కి లోనికి జొరబడిరి. ఒక్క తుపాకి ప్రేలకుండ తొట్టెలను ప్రేల్చివేసిరి. మంచులో పెరిగినవారికి సాధ్యమైనది గ్లైడరులకు సాధ్యము కాలేదు. మొదటనే వారిని పంపియుండవలసినదని నేడు చదువువారికి తోచుట సహజమే.

భారజలముపై జర్మనులు అంతగా ఆధారపడుటకు మరొక కారణము కలదు. న్యూట్రానుల వేగమును తగ్గించుటకు గ్రాఫైటు కూడ పనికివచ్చును. 1941లో వారు పరీక్షించిన గ్రాఫైటులో కల్మషముండుటచే అది పనికిరాదని తేల్చుకొనిరి. గ్లైడరులు కూలిన పదుమూడవ దినమున, 1942 డిసెంబరు 2న, ఫెర్మీ షికాగోలో భారజలము చుక్కయైన లేకుండ, శుద్ధమైన గ్రాఫైటుతోనే శృంఖల చర్యను నిలిపెను. జర్మనులు 1945లో హైగర్లాక్ గుహలో సుమారు ఒకటిన్నర టన్నుల భారజలముతో చేసిన తుది ప్రయోగములో ఆ చర్య నిలువలేదు.