తొమ్మిదికి దిగకముందే

తలసేమియా పిల్లలున్న ఇళ్లలో జరిగేదాన్ని మెట్‌పల్లిలోని ఒక ఇంటి కథగా అల్లాను. పేర్లు రాయడం లేదు.

పిల్లాడికి ఎనిమిదో నెల. మొఖం పాలిపోయింది, పాలు పట్టడం లేదు. కరీంనగర్‌లో పరీక్ష చేస్తే హిమోగ్లోబిన్ 4. డాక్టర్ తల్లిదండ్రులకూ రక్తం తీయించాడు. ఇద్దరూ పైకి నిక్షేపంలా ఉన్నారు, ఇద్దరిలోనూ తలసేమియా జన్యువుంది. అలాంటి జంటకు ప్రతి కాన్పులోనూ బిడ్డకు ఈ జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. వాళ్లది మేనరికం.

“ఎన్ని రోజులు ఎక్కియ్యాలె సారూ, నెత్తురు?”

“బతికినన్ని రోజులమ్మా.”

“దాని కడుపే అసోంటిది” అంది అత్త. కోడలికి ఆమె సొంత మేనత్తే. కొడుకు అడ్డుకున్నాడు: “నా నెత్తురుల సుత ఉన్నదే అమ్మా.” ఆ ఒక్క మాటే ఆ ఇంటిని నిలబెట్టిందని నా నమ్మకం.

పిల్లాడి తండ్రి దుబాయి వెళ్లాడు. తల్లి బీడీలు చేస్తుంది. మూడు వారాలకోసారి పిల్లాణ్ణి చంకనేసుకుని సికింద్రాబాద్ జేబీఎస్‌కు బస్సెక్కుతుంది. అక్కడి నుంచి హైదరాబాద్ అవతలి కొస, శివరాంపల్లి. అక్కడున్న తలసేమియా అండ్ సికిల్ సెల్ సొసైటీని 1998లో ఇలాంటి పిల్లల తల్లిదండ్రులు, డాక్టర్లు కలిసి పెట్టుకున్నారు. రక్తం ఉచితంగా ఎక్కిస్తారు. ఒక్క సంచి ఎక్కడానికి మూడు నాలుగు గంటలు. ఆ గంటల్లోనే పక్క మంచం తల్లి హిమోగ్లోబిన్ గురించి చెప్పింది: “తొమ్మిదికి దిగకముందే తీస్కరా అక్కా, పోరడు హుషారుంటడు.”

ఎక్కించిన ప్రతిసారీ ఒంట్లో ఇనుము పేరుకుంటుంది. గుండెనూ కాలేయాన్నీ పాడుచేసేది అదే. అందుకే తెల్లారి పరగడుపున గ్లాసు నీళ్లలో మాత్ర కరిగిస్తుంది. తాగాక అడుగున తెల్లటి పొడి మిగిలితే ఇంకాసిన్ని నీళ్లు పోసి కలుపుతుంది. “మందంత అడుగుననే ఉంటది బిడ్డా, గిది సుత తాగు.”

మూలుగ మార్పిడి కోసం, పిల్లాడి అక్క మూలుగ తమ్ముడికి సరిపోతుందేమో చూశారు. తోబుట్టువులదైనా సరిపోయేది నాలుగింట ఒక వంతే. సరిపోలేదు. ఆ రాత్రి ఫోన్‌లో భర్త ఏడ్చాడు. “ఎండకాలం కాలేజీలు బందైతే రక్తమిచ్చేటోళ్లు దొరకరు, నీ దోస్తులను ఇప్పుడే అడిగిపెట్టు” అంది ఆమె. అది కరకుతనం కాదు. అప్పటికామె ఆశ పెట్టుకోగలిగింది మూడు వారాల మీదే.

తర్వాత ఆమె చెల్లెలికి సంబంధం కుదిరింది. అదే అత్త చిన్నకొడుకు. వరపూజ నాడు పిల్లాడి తల్లి అందరి ముందూ అడిగింది: “ఇద్దరికీ హెచ్‌బీఏ2 పరీక్ష చేయించుండ్రి.”

“ఏదన్న ఎల్తే సంబంధం చెడుతది.”

“చెడితే చెడనియ్యి అత్తమ్మా. ఇంకో పోరన్ని సూదుల మీద పెంచుడొద్దు.”

చేయించారు. ఆ జన్యువు చెల్లెలికి ఉంది, పెళ్లి పిల్లగాడికి లేదు. ఒక్కరిలోనే ఉంటే పుట్టే బిడ్డకు ఈ జబ్బు రాదని డాక్టర్ అత్తను కూచోబెట్టి చెప్పాడు. లగ్గం పెట్టుకున్నారు. లగ్గం ఉన్న వారంలోనే పిల్లాడికి రక్తం ఎక్కించాల్సి ఉండటంతో, నాలుగు రోజులు ముందే శివరాంపల్లి వెళ్లొచ్చారు. ఈసారి అత్త కూడా వెళ్లింది.