యూనిక్స్ యంత్రాల నుండి తెలుగు ముద్రణ: ఒక చారిత్రక పరిశీలన

కంప్యూటర్‌లో తెలుగు చరిత్రను యూనికోడ్‌తో ప్రారంభించడం పరిశోధకులలో స్థిరపడిన అలవాటు. 1991లో వెలువడిన యూనికోడ్ తొలి కూర్పులోనే తెలుగుకు చోటు దక్కిన మాట నిజమే. భారతీయ ప్రమాణమైన ఇస్కీ కూడా ఆ ఏడాదే ఐ.ఎస్. 13194గా రూపొందింది. కానీ ఈ రెండూ వాడుకలో నిలదొక్కుకోకముందే విదేశీ విశ్వవిద్యాలయాలలో చదువుకొంటున్న తెలుగువారు యూనిక్స్ వర్క్‌స్టేషన్ల నుండి తెలుగును కాగితం మీదికి తెచ్చారు. ఆ దశను విస్మరిస్తే నాటి పాఠాల స్వరూపం అర్థం కాదు.

అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయంలో జువ్వాడి రమణ, కన్నెగంటి రామారావు, ఆనంద కిశోర్‌ల కృషితో ఆర్.టి.ఎస్. అనే లిప్యంతరీకరణ పద్ధతి ఏర్పడింది. ఇందులో రోమన్ ‘టి’ చిన్నబడిలో ఉంటే తకారం, పెద్దబడిలో ఉంటే టకారం. ముక్కవిల్లి లక్ష్మి, లక్ష్మణకుమార్‌లు డొనాల్డ్ నూత్ రూపొందించిన టెక్ వ్యవస్థకు అనువుగా మెటాఫాంట్‌లో తెలుగు అక్షరాలను తీర్చారు. టెక్ వెలువరించిన పుటను పోస్ట్‌స్క్రిప్ట్‌గా మార్చి లేజర్ ప్రింటర్‌కు పంపడం తరువాతి మెట్టు.

అసలు చిక్కు ఇక్కడే ఉండేది. ప్రింటర్ సాధారణంగా వేరే గదిలో, వేరే యంత్రానికి అనుసంధానమై ఉండేది. బర్కిలీ యూనిక్స్‌లో ముద్రణ పనులను వరుసలో నిలిపి పంపే బాధ్యత ఎల్.పి.డి. అనే నేపథ్య ప్రోగ్రాముది. దాని నియమావళి 1990 ఆగస్టులో ఆర్.ఎఫ్.సి. 1179గా గ్రంథస్థమైంది, 515వ పోర్టు దానిదే. నిర్వాహకుడు ప్రింట్‌క్యాప్ అనే ఫైలులో దూరపు యంత్రం పేరు, అక్కడి ప్రింటర్ పేరు, పనులు వేచి ఉండే డైరెక్టరీ రాయాలి. అవతలి యంత్రం కూడా ఇవతలిదాన్ని తన అనుమతి జాబితాలో చేర్చుకోవాలి. సన్ సంస్థ యంత్రాలలో సన్‌ఓఎస్ 4 ఈ పద్ధతినే అనుసరించగా, సొలారిస్ 2 సిస్టమ్ ఫైవ్ మార్గానికి మళ్లింది. నేర్చినవారు మళ్లీ నేర్వవలసి వచ్చింది.

ప్రింట్‌క్యాప్‌లో ఫైలు గరిష్ఠ పరిమాణం, వేరుగా నిర్దేశించకపోతే, 1000 బ్లాకులు. రోమన్ అక్షరాల పాఠానికి ఇది పుష్కలం. తెలుగు అక్షరాలు ప్రింటర్‌లో లేవు కనుక ప్రతి అక్షరరూపమూ చుక్కల బొమ్మగా ఫైలులోనే ప్రయాణించాలి. పుస్తకమంత ఫైలైతే ఆ హద్దు దాటి మధ్యలో తెగిపోయే ప్రమాదముండేది. ఆ విలువను సున్నా చేస్తే హద్దు తొలగుతుంది. తెలుగు పుట కోసం మార్చవలసింది భాషతో ఏ సంబంధమూ లేని ఈ అంకె! అట్లాగే, ఫైలు ఆరంభంలో శాతపు గుర్తు, ఆశ్చర్యార్థకం లోపిస్తే కొన్ని ప్రింటర్లు దాన్ని పోస్ట్‌స్క్రిప్ట్‌గా గుర్తించక, తెలుగుకు బదులు ప్రోగ్రాము పాఠాన్నే పుటలకొద్దీ అచ్చువేసేవి.

ఈ క్రమంలో యంత్రానికి తెలుగు ఎక్కడా తెలియదన్నది గమనార్హం. ఒక చివర రోమన్ లిపి, మరో చివర చుక్కలు. తెలుగు లిపి ఉన్నది కాగితం మీదనే. అందువల్ల నాటి పోస్ట్‌స్క్రిప్ట్ ఫైలును ఈనాడు ముద్రించవచ్చు గాని అందులో ఒక పదాన్ని వెదకడం సాధ్యం కాదు. ఆర్.టి.ఎస్. మూలపాఠం మిగిలి ఉంటే మాత్రం దాన్ని యూనికోడ్‌లోకి మార్చడం సులువే.