గరాజ్ తలుపు ఎత్తితే

మన సూళ్లూరుపేటలో కారు మొరాయిస్తే హైవే పక్క షెడ్డుకు తోలుతాం. పానా పట్టడం మెకానిక్ పని. వెనక నిలబడి "ఎంతసేపవుతుందన్నా?" అని అడగడం మన పని. నేనుంటున్న డెట్రాయిట్ శివార్లలో సంగతి వేరు. వేసవి శనివారం పొద్దున వీధిలో నడిస్తే ఏదో ఒక ఇంటి గరాజ్ తలుపు ఎత్తి ఉంటుంది. కారు కింద నుంచి రెండు జతల కాళ్లు బయటికి కనిపిస్తుంటాయి. ఒక జత తండ్రివి, ఇంకొకటి పన్నెండు పదమూడేళ్ల కూతురివి. ఆ తండ్రి బ్యాంకు ఉద్యోగి అయినా కావచ్చు. డబ్బు చాలక చేస్తున్నాడనుకోకండి.

ఇది తెల్లవాళ్ల రక్తంలో ఉన్న గుణమని మనవాళ్లు కొందరు అంటుంటారు. నేనొప్పుకోను. ఈ దేశపు దూరాలూ, కూలిరేట్లూ వాళ్లచేత ఈ పని చేయించాయి.

హెన్రీ ఫోర్డ్ 1908లో ఇదే డెట్రాయిట్‌లో మోడల్ టి కారు తెచ్చాడు. మొదట్లో వెల 850 డాలర్లు. 1913లో హైలాండ్ పార్క్ ఫ్యాక్టరీలో కదిలే అసెంబ్లీ లైను పెట్టాక ధర దిగుతూ దిగుతూ 1920ల్లో 300 డాలర్ల లోపుకు వచ్చింది. 1927లో ఆపేసేనాటికి కోటిన్నర కార్లు అమ్మారు. కొన్నవాళ్లలో రైతులు చాలామంది. ఊరికీ ఊరికీ మధ్య మైళ్లకొద్దీ పొలాలు, వానొస్తే బురద రోడ్లు. బండి ఆగితే కేకేసి పిలవడానికి మెకానిక్ లేడు. నాగలీ కోతయంత్రమూ బాగుచేసుకోగల మనిషి విప్పి బిగించుకోగలిగేంత సాదాగా ఉండేది ఆ కారు. రైతులు అక్కడితో ఆగలేదు. వెనకచక్రం పైకి లేపి, దానికి బెల్టు తగిలించి, రంపాలు తిప్పారు, నీళ్లు తోడారు. నాన్న ఇంజను విప్పుతుంటే దీపం పట్టుకుని నిలబడటమే పిల్లలకు తొలి పాఠం.

తర్వాత రెండో ప్రపంచ యుద్ధం. 1942 ఫిబ్రవరిలో మామూలు జనం కొనే కార్ల తయారీ ఆగిపోయింది, ఇక్కడి ఫ్యాక్టరీలు ట్యాంకులకూ బాంబర్లకూ మళ్లాయి. టైర్లకు రేషన్, పెట్రోలుకు రేషన్. ఉన్న పాత కారునే అతుకులేసి నడపాలి. యుద్ధం ముగిసి ఇల్లు చేరిన కుర్రాళ్లలో సైన్యపు లారీలూ విమానాలూ విప్పి నేర్చినవాళ్లు ఎందరో. సైనికుల కోసం చేసిన 1944 చట్టం కింద వాళ్లకు ఇంటి అప్పులు దొరికాయి, ఊరి బయట కొత్త కాలనీలు లేచాయి. 1956 చట్టంతో దాదాపు 66 వేల కిలోమీటర్ల హైవేలకు పునాది పడింది. కారు లేనిదే పాలపాకెట్టు కూడా రాని బతుకు మొదలైంది. దొడ్లో గుర్రపుశాల పక్కన తలదాచుకున్న బండికి ఇప్పుడు ఇంటికి ఆనుకునే గది దక్కింది. హైస్కూళ్లలో ఆటో షాప్ క్లాసు మామూలైంది.

ఆ గది అందరికీ దక్కలేదని కూడా చెప్పాలి. న్యూయార్క్ దగ్గర 1947లో మొదలైన లెవిట్‌టౌన్ లాంటి కాలనీల్లో నల్లవాళ్లకు ఇల్లు అమ్మలేదు. వాళ్లు దూరప్రయాణం పెట్టుకుంటే తమను రానిచ్చే హోటళ్లేవో, కారు బాగుచేసే గరాజ్‌లేవో తెలుసుకోవడానికి విక్టర్ గ్రీన్ అనే నల్లజాతి పోస్ట్‌మాన్ 1936 నుంచి ఒక పుస్తకం వేయించాడు. అదే గ్రీన్ బుక్. అలాంటి రోడ్డు మీద నాన్న బిడ్డకు టైరు మార్చడం నేర్పాడంటే సరదాకి కాదు.

ఇక మన తెలుగువాళ్లు. 1965 వలస చట్టం తలుపు తీశాక వచ్చాం. మా గరాజ్‌లలో సోనా మసూరి బస్తాలూ, పెళ్లినాటి సూట్‌కేసులూ ఉంటాయి. కంపెనీలో ఇంజను కంట్రోలుకు సాఫ్ట్‌వేర్ రాసే మనవాడు ఇంటి కారుకు ఆయిల్ మార్చడు. ఇక్కడ మెకానిక్ గంట పనికి వంద డాలర్లు దాటడం మామూలే, అయినా ఇచ్చుకుంటాడు. కారణం ఊరి నుంచి తెచ్చుకున్నదే. పక్కన శ్రీహరికోట షార్‌లో బిగించిన రాకెట్లు ఎగురుతుంటే చూస్తూ పెరిగినవాళ్లం. ఆయుధపూజ నాడు పానాకు పసుపూ కుంకుమా పెట్టి బొరుగులు పంచుతాం. ఆ పానా పట్టిన కుర్రాడికి పిల్లనివ్వాలంటే మాత్రం నీళ్లు నములుతాం. చేతిపనిని ఒక్కో కులానికి పంచేసి, మిగతావాళ్లం చేతులు కడుక్కున్నాం. మా అమ్మాయికి బ్రేకు ప్యాడ్లు మార్చడం నేర్పింది నేను కాదు, ఎదురింటాయన.

ఆయనకూ ఇప్పుడు చిక్కొచ్చింది. 1996 నుంచి ఇక్కడ అమ్మే ప్రతి పెట్రోలు కారులో లోపాన్ని కోడ్ రూపంలో చెప్పే ఓబీడీ సాకెట్ తప్పనిసరి. కార్లలో కంప్యూటర్లు పెరిగేకొద్దీ కంపెనీలు రిపేరు సమాచారానికి తాళాలు వేసుకున్నాయి. మసాచుసెట్స్ రాష్ట్రంలో జనం 2012లో ఓటేసి మరీ బాగుచేసుకునే హక్కు సాధించారు. కోడ్ చదివే చిన్న పరికరం మాత్రం చవకే. ఎదురింట్లో ఇప్పుడు కూతురు ఫోన్లో కోడ్ చదివి చెబుతుంది, తండ్రి కిందికి దూరతాడు.

ఈ పదేళ్లలో కొత్తగా కొన్న పెట్రోలు, డీజిల్ బండైతే మీ కారులోనూ స్టీరింగ్ కింద ఆ సాకెట్ ఉంటుంది, చేత్తో తడిమి చూడండి. పరికరం ఆన్‌లైన్లో తెప్పించుకోవచ్చు. షెడ్డుకు తోలేముందు పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని ఒకసారి చదవండి. రోగమేదో ముందే తెలిస్తే మెకానిక్ అన్న దగ్గర బేరం కూడా త్వరగా తెగుతుంది.