బోర్డు మీద ఎవరి పేరు?

మధ్యాహ్నం వంటిల్లు సర్దుకుని నవల పట్టుకు కూర్చునే సోదరీమణులకు ఒక మాట. బ్రిటన్‌లో ఒక తరహా నవలలకు మంచి గిరాకీ. 2011లో జెన్నీ కోల్గన్ రాసిన 'మీట్ మీ ఎట్ ద కప్‌కేక్ కెఫే' అలాంటిదే. ఉద్యోగం పోయిన ఇస్సీ లండన్‌లో చిన్న కేకుల దుకాణం తెరుస్తుంది. వ్యాపారం నిలబడుతుంది, ప్రేమా పండుతుంది. చదివితే మనసు తేలికపడుతుంది. "ఇవన్నీ కథల్లోనే లెండి" అంటారేమో!

అయితే కేట్ క్రాన్‌స్టన్ సంగతి వినండి. ఆవిడ 1878లో గ్లాస్గోలో టీ దుకాణం పెట్టింది. ఆ రోజుల్లో మగవాళ్లు కూర్చుని తాగే చోట్లు బోలెడు. ఆడవాళ్లు మగతోడు లేకుండా మర్యాదగా కూర్చునే చోట్లు తక్కువ. ఆ లోటు తీర్చిన దుకాణాల్లో ఆవిడవీ ఉన్నాయి.

1892లో జాన్ కాక్రన్‌ను పెళ్లాడింది. నవలైతే అక్కడే శుభం కార్డు పడేది! ఆవిడ దుకాణాలూ మానలేదు, బోర్డు మీద 'మిస్ క్రాన్‌స్టన్' అన్న పేరూ మార్చలేదు. 1903లో నాలుగోది, 'విల్లో టీ రూమ్స్', తెరిచింది. 1917లో భర్త పోయాక మాత్రం వ్యాపారం అమ్మేసింది.

నవల పెళ్లి దాకా చెబుతుంది. చరిత్ర ఆ తర్వాతది చెబుతుంది. మరి, మీ చేతి ఆవకాయ అమ్మకానికి పెడితే, సీసా మీద ఎవరి పేరు రాస్తారు?