రియాక్టరు నాడి పట్టిన మొగల్లు శాస్త్రజ్ఞుడు

ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీకి పొరుగున వేముల మండలంలోని తుమ్మలపల్లెలో తవ్వి, అక్కడి మిల్లులోనే శుద్ధిచేసిన యురేనియం హైదరాబాదులోని అణు ఇంధన సముదాయానికి చేరి, విద్యుత్కేంద్రాలకు ఇంధనంగా తయారవుతుంది. అలాంటి కేంద్రాల్లోని రియాక్టర్లను అదుపులో ఉంచే ఎలక్ట్రానిక్ వ్యవస్థలను రూపొందించే ఈసీఐఎల్ కూడా ఆ సముదాయానికి చేరువలోనే ఉంది. ఆ సంస్థను నెలకొల్పిన అయ్యగారి సాంబశివరావు 1914లో పశ్చిమ గోదావరి జిల్లా మొగల్లులో జన్మించారు.

కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో ఎమ్మెస్సీ చేసి, అక్కడే కొన్నేళ్లు బోధించి, టాటా ఉపకారవేతనంతో స్టాన్‌ఫర్డ్‌లో ఇంజనీరింగ్ చదివి వచ్చిన రావు, హోమీ భాభా నడుపుతున్న టాటా మౌలిక పరిశోధన సంస్థలో చేరారు. రేడియోధార్మికత కంటికి కనిపించదు, చేతికి తగలదు కనుక దానిని లెక్కించే పరికరమే అణుశాస్త్రానికి తొలి అవసరమని, ఆ పరికరాన్ని విదేశాల నుంచి తెచ్చుకున్నంత కాలం పరిశోధన పరాధీనంగానే ఉంటుందని గ్రహించినవారిలో ఆయన ముందువరుసలో నిలుస్తారు.

రియాక్టరు విషయంలో ఆ అవసరం మరింత తీవ్రమైనది. యురేనియం పరమాణువు చీలినప్పుడు వెలువడే న్యూట్రాన్లు, అంటే విద్యుదావేశం లేని కణాలు, ఇతర పరమాణువులను చీలుస్తూ పోవడమే శృంఖల చర్య. అది హద్దు మీరకుండా ఉండాలంటే న్యూట్రాన్ల జోరును ఎడతెగకుండా కొలుస్తూ, వాటిని పీల్చుకునే నియంత్రణ కడ్డీలను అవసరాన్ని బట్టి లోపలికీ బయటికీ కదపాలి. న్యూట్రాన్లను గుర్తించే పరికరంలో పుట్టే విద్యుత్ ప్రవాహం అత్యల్పం కనుక, దానిని నమ్మకంగా పెంచి చూపడం, ప్రమాదస్థాయి దాటగానే కడ్డీలు వాటంతటవే పడిపోయేలా చేయడం ఎలక్ట్రానిక్స్ బాధ్యత. 1956 ఆగస్టు 4న ట్రాంబేలో పని మొదలుపెట్టిన దేశపు తొలి రియాక్టరు అప్సరకు ఇంధనం బ్రిటన్ నుంచి వచ్చినా, నియంత్రణ వ్యవస్థ మాత్రం రావు బృందం ఇక్కడే చేసింది. స్వాతంత్ర్యం వచ్చి తొమ్మిదేళ్లయినా నిండని దేశానికి ఇది చిన్న విజయం కాదు.

1963లో ఏర్పడిన భాభా కమిటీలో రావు సభ్యులు. ఎలక్ట్రానిక్స్‌లో పదేళ్లలో స్వావలంబన సాధించాలన్న ఆ కమిటీ ఆశయానికి అనుగుణంగా 1967 ఏప్రిల్ 11న హైదరాబాదులో ఈసీఐఎల్ వెలిసింది. ప్రయోగశాలలో ఒక్క నమూనాగా పుట్టిన పరికరాన్ని కర్మాగారంలో వందలుగా చేయించడమే, ఆయన కృషిలో అన్నిటికన్నా కష్టమైన భాగమని చెప్పాలి. ట్రాంబేలో రూపొందిన టీడీసీ-12 కంప్యూటరు, మధ్యతరగతి ఇళ్లకు చేరిన ఈసీ టీవీ, తరువాతి కాలంలో ఎలక్ట్రానిక్ ఓటింగ్ యంత్రం ఆ కర్మాగారం నుంచే వచ్చాయి. 1965లో భట్నాగర్ బహుమతి, 1972లో పద్మభూషణ్ అందుకున్న రావు 2003లో కన్నుమూశారు, హైదరాబాదులోని ఎ.ఎస్.రావు నగర్ ఆయన పేరుతోనే ఉంది.

పదేళ్ల గడువు ఎప్పుడో దాటినా, దేశం నేటికీ చిప్పులను అత్యధికంగా దిగుమతి చేసుకుంటూనే ఉంది. రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయంలో భాగంగా 2008లో మొదలైన ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీలో ఎలక్ట్రానిక్స్ శాఖను ఎంచుకునే గ్రామీణ విద్యార్థుల ముందున్నది ఆ మిగిలిన పనే.