గణిత బోధనలో కంప్యూటరు: ఉపాధ్యాయుల ఆత్మవిశ్వాస పరిణామం

ప్రస్తావన

పాఠశాలకు కంప్యూటరు చేరడం వేరు; దానితో పాఠం చెప్పగలనని గణిత ఉపాధ్యాయుడు నమ్మడం వేరు. భారతదేశంలో ఈ రెండింటి మధ్య దూరం ఎలా ఏర్పడిందో, ఏ మార్గంలో తగ్గిందో పరిశీలించడం ఈ వ్యాసం లక్ష్యం. ఒక పనిని స్వయంగా చేసి ఫలితం పొందిన అనుభవమే 'చేయగలను' అన్న నమ్మకానికి బలమైన ఆధారమని మనస్తత్వ శాస్త్రవేత్త ఆల్బర్ట్ బందూరా 1977లో ప్రతిపాదించారు. ఈ పరిశీలనకు ఆ భావనే గీటురాయి.

యంత్రాలు ముందు, బోధన వెనుక

కేంద్ర ప్రభుత్వం 1984-85లో 'క్లాస్' పథకాన్ని ప్రయోగాత్మకంగా ప్రారంభించింది. ఎంపిక చేసిన పాఠశాలలకు బ్రిటన్‌లో రూపొందిన బి.బి.సి. మైక్రో కంప్యూటర్లు వచ్చాయి. పథకం ప్రధాన లక్ష్యం కంప్యూటరు అక్షరాస్యత. అందువల్ల కంప్యూటరు గణిత తరగతిలోకి రాక, ప్రత్యేక గదిలో ప్రత్యేక విషయంగా నిలిచింది.

2004లో 'ఐ.సి.టి. ఎట్ స్కూల్స్' పథకం వచ్చింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2008 నుంచి 5,000 ఉన్నత పాఠశాలల్లో ప్రైవేటు సంస్థలు కంప్యూటర్లను నెలకొల్పి, ఐదేళ్లు నిర్వహించి, ఆపై ప్రభుత్వానికి అప్పగించే పద్ధతిని అనుసరించారు. కంప్యూటరు బోధకులనూ ఆ సంస్థలే సమకూర్చాయి. ఒప్పందం ముగిస్తే బోధకునితో పాటు నైపుణ్యమూ పాఠశాలను వీడిపోయే ఏర్పాటు ఇది. ఏళ్ల తరబడి గణితం చెప్పిన ఉపాధ్యాయుడు తన పాఠశాలలోని కంప్యూటరు గదికే పరాయివాడయ్యే ప్రమాదం ఇందులో ఉంది.

విషయం ద్వారా సాంకేతికత

కేరళ మరొక దారి ఎంచుకుంది. 2001లో మొదలైన 'ఐటి ఎట్ స్కూల్' కార్యక్రమంలో బడి ఉపాధ్యాయులే శిక్షకులై తోటివారికి నేర్పారు. గణిత బోధనకు జియోజీబ్రా తోడైంది. ఆస్ట్రియాలోని సాల్జ్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో మార్కస్ హోహెన్‌వార్టర్ రూపొందించిన సాఫ్ట్‌వేర్ ఇది. తెరపై త్రిభుజ శీర్షాన్ని కదిలిస్తే కోణాలు మారతాయి. వాటి మొత్తం మాత్రం 180 డిగ్రీలుగానే ఉంటుంది. నల్లబల్లపై గీసిన ఒక్క పటం ఈ స్థిరత్వాన్ని చూపలేదు. అయితే కనబడినంత మాత్రాన నిరూపణ కాదు. 'ఎందుకు?' అన్న ప్రశ్న వేసి, సమాంతర రేఖల ధర్మం వైపు విద్యార్థిని నడిపించవలసినది ఉపాధ్యాయుడే. విషయ జ్ఞానం, బోధనా జ్ఞానం, సాంకేతిక జ్ఞానం కలిసి పనిచేయాలని 2006లో మిశ్రా, కోలర్ చేసిన ప్రతిపాదన సారాంశం ఇదే.

ముగింపు

మీటలు నొక్కడం నేర్పినంత మాత్రాన ఆత్మవిశ్వాసం కలగదు. తనకు పట్టున్న గణిత భావనను ఉపాధ్యాయుడు తన తరగతిలో స్వయంగా చూపగలిగినప్పుడే అది స్థిరపడుతుంది. కాబట్టి పథకాల ఫలితాన్ని అమర్చిన కంప్యూటర్ల సంఖ్యతో గాక, వాటితో గణిత ఉపాధ్యాయులు చెప్పిన పాఠాలతో అంచనా వేయడం సమంజసం.