మైసూరు ప్రభువు ఆదరించిన రష్యన్ స్వరకర్త

బెంగుళూరు రాజభవనాన్ని చూసివచ్చినవారిలో నికొలాయ్ మెట్నర్ పేరు విన్నవారు అరుదు. 1880లో మాస్కోలో జన్మించి, చివరకు లండన్‌లో స్థిరపడిన ఈ స్వరకర్త రెండవ ప్రపంచ యుద్ధకాలంలో ఆదాయం కోల్పోయాడు, ఆరోగ్యమూ చెడింది. యుద్ధానంతరం మైసూరు ప్రభువు జయచామరాజ ఒడయరు అతనికి అండగా నిలిచారు. ఆయన ధనసహాయంతో మెట్నర్ సొసైటీ ఏర్పడి, రచనలు స్వరకర్త వాదనంలోనే రికార్డులకెక్కాయి. మెట్నర్ తన మూడవ పియానో కాన్చెర్టోను మహారాజుకు అంకితమిచ్చాడు.

నేడు అతని పియానో రచనలకు కొంత ఆదరణ ఉన్నది. కొద్దిమంది వాద్యకారులు చిన్న సభలో వినిపించే ఛేంబర్ సంగీతానికి మాత్రం అంతటి ఆదరణ లేదు. అందులో ముఖ్యమైనవి మూడు వయొలిన్ సొనాటాలు, ఒక క్వింటెట్. పియానోకు నాలుగు తంత్రీవాద్యాలు తోడైన ఆ క్వింటెట్ యౌవనంలో మొదలై, నాలుగు దశాబ్దాలు దాటిన పిదప వార్ధక్యంలో పూర్తయింది. ఒక జీవితకాలపు చింతన అందులో ఇమిడి ఉన్నది.

ఈ సంగీతం కాలానికి వెనుకబడినదని కొందరి ఆక్షేపణ. కాని పాతబాట దోషమైతే, అదే మైసూరు ఆస్థానంలో త్యాగరాజ శిష్యపరంపరకు చెందిన వాసుదేవాచార్యులు తెలుగులో రచించిన కృతులూ దోషభాజనాలే కావాలి. వాటిని నేటికీ గాయకులు పాడుతున్నారు, రసికులు వింటున్నారు. విలువను నిర్ణయించేది కాలపు వాడుక కాదు, పదేపదే విన్నకొద్దీ పెరిగే అనుభూతి.

మొదటి వయొలిన్ సొనాటా, క్వింటెట్ మెట్నర్ చేతిమీదుగానే రికార్డయి నిలిచాయి. 1951లో అతడు, 1974లో మహారాజు కన్నుమూశారు. కన్నడనేల ప్రభువు ప్రపంచానికి అందించిన ఈ కానుకను శ్రద్ధగా వినవలసిన బాధ్యత బెంగుళూరు విద్యార్థులకు మరింత ఉన్నది.